రోడ్డుమన్నును గూర్చి రహదారుల శాఖామాత్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల రహదారులు, భవనముల శాఖామాత్యులవారి సముఖమునకు

ఆర్యులారా,

రోడ్డు వలదని మొఱపెట్టుకొనుటకు ఈ లేఖ వ్రాయుచున్నవాడను కాను. వానకాలమున వాగు పొంగినప్పుడు, పురిటినొప్పులు పడుచున్న ఆడుకూతురిని నులకమంచముమీద పరుండబెట్టి నలుగురు భుజములపై మోసికొని పోవుట కన్నులార చూచిన పల్లెటూరివాడను గనుక, తారురోడ్డు విలువ ఒకరు చెప్పగా వినవలసిన అవసరము నాకు లేదు. నా మనవి రోడ్డు పోవు త్రోవను గూర్చి కొంచెమును, రోడ్డు క్రిందికి వచ్చు మన్నును గూర్చి మిక్కిలియును. త్రోవను గూర్చి మాటలాడువారు పలువురు కలరు. అలైన్‌మెంటు మార్పవలెనని ధర్నాలు జరుగును, వ్యాజ్యములు పడును, పత్రికలలో పటములు అచ్చగును. చేవెళ్ల మార్గమున ఊడలు దిగిన మఱ్ఱిచెట్లకొఱకు పోరాడినవారిని మనము చూచియే యున్నాము. ఆ కట్టలోనికి మన్ను ఎక్కడినుండి వచ్చినదని అడుగువాడు మాత్రము కానరాడు. మన దేశమున పురాతన స్థలములు రోడ్డు గీతకు బలియైనదానికంటె రోడ్డుమన్నునకును, ఇటుకకును, కంకరకును బలియైనదే హెచ్చని నా దృఢవిశ్వాసము. ఆ విశ్వాసము నాకెట్లు కలిగినదో సావధానముగా చిత్తగింప ప్రార్థించుచున్నాను.

గడచిన వేసవిలో నొకనాటి ఉదయమున, నాలుగు వరుసల రహదారికి కట్ట పోయుచున్న చోటినుండి మూడు నాలుగు కిలోమీటర్ల దూరమున నున్న యొక పాటిదిబ్బకు పోవుట తటస్థించినది. పాటి యన నేమో మన రైతులకు చెప్పనక్కఱలేదు. ఒకప్పుడు ఊరుండి, కరవుచేతనో, దండుచేతనో, మహమ్మారిచేతనో జనము లేచిపోగా, కప్పులు క్రుంగి, గోడలు కూలి, ఏండ్లు గడచినకొలది మన్ను మేటవేసిన చోటు పాటి. ఆ మన్నులో పొయ్యిబూడిదయు, పశువుల పెంటయు, ఎముకలపొడియు కలిసియుండుటచేత అది మంచి ఎరువని కనిపెట్టిన రైతులు తరతరములుగా దానిని పొలములకు తోలుకొనుచునే యున్నారు. సికిందరాబాదులో పాటిగడ్డ యను పేట నేటికిని ఆ పేరుతోనే యున్నది గాని, అచట బస్సు దిగువారిలో ఆ పేరునకు అర్థమడుగువారు అరుదు. రైతు బండి వలన నష్టము లేదని నేననను. అయినను రెండెడ్ల బండితో దిబ్బ తరుగుటకు తరములు పట్టెడిది, ఆ తరములలో ఎవడో యొకడు తనకు దొరకిన నాణెమును కరణమునకో బడిపంతులకో చూపెడివాడు. నేను చూచిన దిబ్బలో సగము పోవుటకు పట్టినది తొమ్మిది దినములని ఊరివారు చెప్పిరి.

జేసీబీ తొట్టె పండ్లు గీచిన గీతలు, సమానమైన ఎడముతో, నిలువుగా దిబ్బ కోతముఖముపై పడియున్నవి. వానికి అడ్డముగా కాలము పేర్చిన పొరలు. అన్నిటికి అడుగున నల్లరేగడి. దానిమీద జానెడు మందమున బూడిదచాఱ. దానిపైన సున్నము కలిపి దిమ్మిసతో కొట్టిన గట్టినేల, అనగా ఎవరిదో యొకరి నట్టిల్లు. ఆ నేలమీద బోరగిలబడిన కుండ అడుగొకటి. ఇంకను పైకి పోగా ఇటుకముక్కలును, శంఖమును కోసి చేసిన గాజుతునకయు, సగమునకు విఱిగిన సన్నెకల్లును. క్రింద రాలిన మన్నులో నేనొక పెంకు నేరుకొని తుడిచి చూచుచుండగా, టిప్పరు నిండువఱకు నీడన కూర్చున్న డ్రైవరు లేచివచ్చి, "ఏం పంతులుగారూ, పెంకులేరుకుంటున్నారు? చిన్నపిల్లలు తొక్కుడుబిళ్ళాడతారు వాటితో" అని నవ్వినాడు. నేను దానిని వాని చేతిలో నుంచితిని. లోపలివైపు కాటుకవలె నలుపు, వెలుపల కాలిన మంటి ఎఱుపు, అంచున ఆ రెండును కలిసికొన్న సన్నని గీత. కుండను బోర్లించి ఆవములో కాల్చుటచే లోపలికి గాలి సోకక నల్లబడినదనియు, ఇట్టి కుండలు చేసినవారు మనకు రెండువేల యేండ్లకు పైబడిన పూర్వులు కావచ్చుననియు చెప్పితిని. అతడు దానిని అటునిటు త్రిప్పి చూచి, నవ్వు మానివేసి, "మరి ముందే చెప్తే ఇంకో గుట్ట తవ్వుకుందుం గదండీ, ఇదే కావాలని మాకేమైనా పట్టుదలా?" అన్నాడు.

ఆర్యులారా, నేను ఈ లేఖలో విన్నవించుకొనదలచినది ఆ డ్రైవరు అన్న మాటయే. తక్కినదంతయు దానికి వ్యాఖ్యానము.

ఆ యూరి పేరు నేనిక్కడ వ్రాయను. వ్రాసినయెడల ఎవనిమీదనో చర్య తీసికొనుటకు ఉత్తరువు పుట్టును. ఆ చర్య పైనుండి క్రిందికి జాఱి జాఱి ఆ డ్రైవరు నెత్తిన పడును. దిబ్బ మాత్రము తిరిగి రాదు.

ఒక చిన్న లెక్క చూడుడు. కట్ట వెడల్పు సగటున 25 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు అనుకొన్నయెడల, కిలోమీటరు పొడవునకు కావలసిన మన్ను 50 వేల ఘనపు మీటర్లు. టిప్పరుకు పది ఘనపు మీటర్ల చొప్పున 5 వేల టిప్పర్లు. ఒక ఎకరము విస్తీర్ణమున సగటున మూడు మీటర్ల ఎత్తుగల పాటిదిబ్బను అడుగంట త్రవ్వి తోలినను వచ్చునది 12 వేల ఘనపు మీటర్లకు కొంచెము పైన. అనగా, ఎన్నియో తరములవారు వండుకొని, తిని, పెండ్లిండ్లు చేసికొని, చచ్చి, మరల కట్టుకొని పేర్చిన ఆ దిబ్బ మీ రోడ్డులో పావు కిలోమీటరునకైనను నిండుగా చాలదు. గంటకు ఎనుబది కిలోమీటర్ల వేగమున పోవు కారు దానిని దాటుటకు పట్టునది పదునొకండు సెకండ్లు. అంత స్వల్పలాభమునకు అంత గొప్ప నష్టమును తెలిసి చేయు మూర్ఖుడెవడును ఉండడు. ఇది తెలియక జరుగుచున్న పని. తెలియక జరుగు పనిని మాన్పుట సులభమను ఆశయే నాచేత ఈ లేఖ వ్రాయించుచున్నది.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. కృష్ణా డెల్టాలోని భట్టిప్రోలులో నున్న మహాస్తూపపు దిబ్బను పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆనాటి ఇంజినీర్లు ఇటుకలగనిగా నెంచి, ఇటుకలను రోడ్డునకును, చలువరాతి పలకలను కాలువ తూమునకును వాడుకొనిరి. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపముల దిబ్బలకు జనులు పెట్టుకొన్న మోటుపేరు ఒక్కటే. దానిని ఇచట వ్రాయుటకు నా కలము జంకుచున్నది గాని, పురావస్తుశాఖవారి పాత పుస్తకములలో అది ఇంగ్లీషు అక్షరములలో నిర్భయముగా అచ్చువడియే యున్నది. పేరు అట్టిదగుటచేతనే గాబోలు, ఆ దిబ్బలను కూల్చువానికి అడ్డుపడు భక్తుడు గాని, పెద్దమనుష్యుడు గాని లేకపోయెను. గుడివాడ దిబ్బయు రోడ్డు ఇటుకలకొఱకు త్రవ్వబడినదే.

1892లో పురాతత్త్వజ్ఞుడు అలెగ్జాండరు రీ భట్టిప్రోలునకు వచ్చునప్పటికి స్తూపము అండము పోయి అడుగుభాగము మాత్రమే మిగిలియుండెను. ఆయన నడిమి కూపమును త్రవ్వించి, ఒకదానిక్రింద నొకటిగా మూడు రాతిపేటికలను కనుగొనెను. వానిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూవులు, పూసలు. పేటికల మూతలమీదను అంచులమీదను ప్రాకృత భాషలో చెక్కిన లేఖలు. ఆ లేఖలలో కుబిరకుడను రాజు పేరు. ఆ లిపిని బ్యూలరు పండితుడు పరీక్షించి, అశోకుని బ్రాహ్మికంటె కొన్ని అక్షరములలో భిన్నమైనదని నిర్ణయించెను. అప్పటినుండి దక్షిణదేశపు లిపుల చరిత్ర వ్రాయువాడెవడును భట్టిప్రోలును పేర్కొనక ముందునకు సాగలేదు. నేడు నేను వ్రాయుచున్న ఈ తెలుగు అక్షరముల వంశవృక్షమును గీయువారు ఆ పేటికల మూతలను ఆ వృక్షపు మొదటి అంతరువులలో నిలుపుచున్నారు. రోడ్డు పనివారికి ఇంక కొన్ని బండ్ల ఇటుక కావలసివచ్చియున్నచో ఆ పేటికలు ఏ తూము గోడలో కూరుకొని యుండెడివో! మన లిపి చరిత్రలో ఒక అధ్యాయము మనకు దక్కుట రోడ్డునకు ఇటుక చాలినందుననే యని తలచినప్పుడు నాకు నవ్వవలెనో ఏడ్వవలెనో తోచదు.

తెలుగుదేశమునకు వెలుపల చూచినచో ఇంతకంటె పెద్ద ఉదాహరణము హరప్పా. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలమున లాహోరు, ముల్తానుల నడుమ రైలుమార్గము వేయించుచున్న ఇంజినీర్లు, పట్టాల క్రింద పఱచుటకు రాయి దొరకని ఆ మైదానమున, సిద్ధముగా కాల్చియున్న ఇటుకల దిబ్బ దొరకినదని సంతోషించి, దాదాపు నూఱు మైళ్ల మార్గమునకు ఆ ఇటుకలను నలుగగొట్టి పఱపించిరి. పురాతత్త్వజ్ఞుడు కన్నింగ్‌హామ్ ఆ స్థలమును చూచి చింతించెను గాని, అది ఎంత ప్రాచీనమైనదో ఆయనయు ఎఱుగడు. దయారామ్ సాహ్నీ అచట త్రవ్వకములు ప్రారంభించినది 1921లో. అదియొక మహానాగరకత యని పురావస్తుశాఖాధిపతి మార్షల్ లోకమునకు ప్రకటించినది 1924లో. అప్పటికి దాదాపు అరువది యేండ్లుగా ఆ నాగరకతమీద రైళ్లు నడచుచుండెను.

ఇంజినీర్లను దూషించుటకు నేనీ కథలు చెప్పుచున్నానని అనుకొనవలదు. భారతదేశ పురాతత్త్వశాస్త్రమునకు పురుడు పోసినవారు ఇంజినీర్లే. పురావస్తుశాఖకు మూలపురుషుడైన కన్నింగ్‌హామ్ స్వయముగా బెంగాలు ఇంజినీరు దళమువాడు. అమరావతిలో, జమీందారు పనివారు క్రొత్త పట్టణమునకై దీపాలదిన్నెలోని రాళ్లు త్రవ్వించుచున్నారని విని 1797లో పోయి చూచి, మరల 1816లో చిత్రకారులను వెంటబెట్టుకొని వచ్చి ఆ శిల్పములకు పటములు వ్రాయించిన మెకంజీ వృత్తిచేత ఇంజినీరు, సర్వేయరు. దేవానాంప్రియుడను బిరుదునకు ప్రక్కన అశోకుడను పేరును స్పష్టముగా చెక్కిన మస్కి శాసనమును 1915లో కనుగొన్నది బీడన్ అను బంగారుగనుల ఇంజినీరు. దక్షిణాపథపు ప్రాచీన శిలాయుధములను మొదట గుర్తించిన రాబర్టు బ్రూస్ ఫుట్ భూగర్భ శాస్త్రజ్ఞుడు. భూమిని కొలుచుచు, త్రవ్వుచు, రాతిని తట్టి చూచుచు తిరుగువాని కంటికి పడినంత ఏ చరిత్రాచార్యుని కంటికిని పడదు. కావున మీ శాఖలోని సహాయ ఇంజినీర్లకు ఏమి చూడవలెనో నేర్పినచో, వారికంటె మంచి కాపరులు మనకు దొరకరు. నేర్పనిచో, వారి వలన జరుగు నష్టమును ఏ పురావస్తుశాఖయు పూడ్చలేదు.

ముందుగా తెలిసినచో ఏమి చేయవచ్చునో మన తెలుగుదేశమే లోకమునకు చూపినది. నాగార్జునకొండ లోయలోని ప్రాచీన స్తంభమును గూర్చి ప్రభుత్వమునకు తెలిపినవాడు సూరపరాజు వెంకటరామయ్యగారను పల్లెటూరి ఉపాధ్యాయుడు. 1926లో మద్రాసు శాసనశాఖనుండి తెలుగు సహాయకుడైన సరస్వతిగారు పోయి చూచి వచ్చిన పిమ్మట లాంగ్‌హర్‌స్ట్, అటు తరువాత టి.ఎన్. రామచంద్రన్ త్రవ్వకములు జరిపిరి. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరపు ఆనకట్టకు పునాదిరాయి పడునప్పటికే, లోయ యంతయు మునుగునని తెలిసియుండుటచేత, ఆర్. సుబ్రహ్మణ్యంగారి యాజమాన్యమున 1954నుండి 1960వఱకు ఇక్ష్వాకుల విజయపురి యంతయు గాలింపబడి, ముఖ్యమైన కట్టడములు కొన్ని కొండమీదికిని, కొన్ని తూర్పుగట్టున అనుపునకును ఇటుకకు ఇటుకగా తరలింపబడినవి. శ్రీశైలము ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయము అలంపురమునకు చేరినదియు ఇట్లే. తరలించిన గుడి అసలైన గుడి యగునా యని ఎవరైన ప్రశ్నించినచో, కాదనియే నా సమాధానము. నదుల కూడలినుండి పెకలించి తెచ్చిన సంగమేశ్వరుని చూచినప్పుడెల్ల, కొడుకు వద్దకు పట్టణమునకు వచ్చి వాకిట కుర్చీ వేసికొని కూర్చున్న ముదుసలి తండ్రి నాకు జ్ఞప్తికి వచ్చును. అయినను ఆ తండ్రి బ్రదికియున్నాడు. ఆనకట్టకు ఆరేండ్ల గడువు దొరకినది. రోడ్డుమన్నునకు ఆరు దినములైనను దొరకుటలేదు. ఆనకట్ట ఒక్కచోట ముంచును గనుక అందఱి కన్నులు అటు తిరుగును. రోడ్డు వందల కిలోమీటర్ల పొడవున, ఇచటొక దిబ్బను, అచటొక గుట్టను కొఱుకుచు పోవును గనుక ఎవరి కన్నును పడదు.

చట్టము లేదా యని మీరు అడుగవచ్చును. ఉన్నది. 1958 నాటి కేంద్ర చట్టమునకు 2010లో చేసిన సవరణచే, జాతీయ ప్రాధాన్యము గల కట్టడమునకు చుట్టును 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతము, ఆపైన మఱి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతము. ఆంధ్రప్రదేశమునకు 1960 నాటి చట్టమును, తెలంగాణమునకు 2017 నాటి వారసత్వ చట్టమును కలవు. గాని ఈ చట్టముల గొడుగు క్రింద నిలిచినవి, పేరు జాబితాకెక్కిన స్థలములు మాత్రమే. దేశమంతటను కేంద్రము జాబితాలో నున్నవి సుమారు 3,700. మన రెండు రాష్ట్రములలో జనులు రాక్షసగుళ్లనియు, పాండవులగుళ్లనియు పిలుచు బృహచ్ఛిలా సమాధులు, బూడిదగుట్టలు, పాటిదిబ్బలు, చెఱువుగట్టున ఒఱగియున్న వీరగల్లులు, పొలముగట్టున చాకలిబండగా మారిన శాసనములు, వీనిలో ఏ జాబితాకును ఎక్కనివే అసంఖ్యాకము. కోటగోడకు తొంబది మీటర్లలో నున్న బీదవాడు మరుగుదొడ్డి కట్టుకొనుటకు అనుమతికై తిరుగుచుండగా, దానికి నాలుగు కిలోమీటర్లలో నున్న వేయేండ్ల ఊరు ఒక్క సంతకము లేకుండ లారీలకెక్కి పోవుచున్నది. మన రక్షణమంతయు పేరున్నవారికే; పేరు పెట్టబడకమునుపే చచ్చిపోవుచున్నవానికి దిక్కు లేదు.

మన్నును గూర్చియే న్యాయస్థానము పలికిన మాట యొకటి కలదు. రోడ్లు, గొట్టపుమార్గములు మొదలగు పొడుగాటి పనులకు కావలసిన మామూలు మట్టిని త్రవ్వుకొనుటకు పర్యావరణ అనుమతి అక్కఱలేదని కేంద్రప్రభుత్వము 2020 మార్చిలో ప్రకటన చేయగా, ఎంత మట్టియో, ఎంత మేరయో, ఏ పద్ధతియో చెప్పకుండ గంపగుత్తగా ఇచ్చిన ఆ మినహాయింపు అడ్డదిడ్డమైనదని సుప్రీంకోర్టు 2024 మార్చి 21వ తేదీన దానిని కొట్టివేసినది. "మామూలు మట్టి" యను ఆ మాటయే నన్ను బాధించుచున్నది. ఏది మామూలు మట్టియో, ఏది పాటిమన్నో చూచి చెప్పగలవాడు త్రవ్వకమునకు ముందు ఆ చోటికి పోవలెను గదా!

ఇపుడు మన రాష్ట్రములలో తలపెట్టిన పనులను చూడుడు. హైదరాబాదు చుట్టును సంగారెడ్డి, నర్సాపూరు, గజ్వేలు, భువనగిరి, చౌటుప్పలుల మీదుగా రానున్న ప్రాంతీయ వలయరహదారి పొడవు ఇంచుమించు 340 కిలోమీటర్లు. ఆ ప్రాంతము బృహచ్ఛిలా సమాధులకు పుట్టినిల్లు. సిద్ధిపేట చెంత పుల్లూరు, నర్మెట్టలలో 2017లో రాష్ట్ర పురావస్తుశాఖవారు త్రవ్విన సమాధులను, వానిపై కప్పిన మహాశిలలను చూచినవారెవరును ఆ సీమలోని రాతిగుండ్లను కంకరగా మాత్రమే చూడజాలరు. అమరావతి చుట్టును ప్రతిపాదింపబడిన వలయరహదారి పోవలసిన కృష్ణా, గుంటూరు సీమలు స్తూపముల నేల. కంకర క్వారీ దెబ్బ ఎట్టిదో తెలిసికొనగోరినచో, బళ్లారి చెంత సంగనకల్లు, కుప్పగల్లు గుట్టలకు ఒకసారి పోయి రండు. నవీన శిలాయుగపు జనులు నల్లరాతి గొడ్డళ్లను రాశులుగా చేసిన కర్మాగారము అది. తట్టినచో గంటవలె మ్రోగు బండలును, వానిమీద ఎద్దుల బొమ్మలును అచట కలవు. క్వారీలు ఆ గుట్టల పొట్టలోనికి చొచ్చిన తీరు చూచినచో ఇంతకంటె వర్ణనము అక్కఱలేదు.

నేనడుగునది చాల స్వల్పము. మొదటిది, అలైన్‌మెంటు ఖాయము కాకమునుపే, సర్వేయర్లు గొలుసు పట్టుకొని ఆ దారి వెంట నడచుచుండగనే, పురాతత్త్వము చదివిన వాడొకడు వారివెంట నడవనిండు. మన విశ్వవిద్యాలయములలో ఆ చదువు చదివి ఉద్యోగము లేక తిరుగుచున్న యువకులు లేకపోలేదు. ఆ నడచువాడు ప్రతి ఊరిలోను గొఱ్ఱెలకాపరిని, కుమ్మరిని, పంచాయతీ కార్యాలయపు ముసలి గుమాస్తాను పిలిచి, పాటి యెక్కడ, రాక్షసగుళ్లెక్కడ, నిలువురాళ్లెక్కడ, బూడిదగుట్ట యెక్కడ అని నాలుగు ప్రశ్నలడిగినచో చాలును. జనుల నాలుకమీద నున్న పటము మీ ఉపగ్రహ పటముకంటె పాతది, ఈ పనికి మేలైనది. ముడుమాల నిలువురాళ్లను ఈనాడు యునెస్కో తాత్కాలిక జాబితావఱకు తెచ్చినవారు పండితులు. గాని అందులో ఒకదానిని ఎల్లమ్మగా కొలిచి అన్నాళ్లు దానిని పడిపోకుండ కాచినవారు ఆ యూరి జనులు.

రెండవది, టెండరు పత్రములోనే మట్టి, మొరము, కంకర తెచ్చు చోట్లు సర్వే నంబర్లతో సహా ముందుగా వ్రాయబడవలెను. ఆ చోట్లను పురావస్తుశాఖవారు చూచి సంతకము చేసిన పిమ్మటనే గనులశాఖవారి అనుమతి చెల్లవలెను. ఇప్పటికే మీ ఇంజినీర్లు ప్రతి మట్టిని మూటగట్టి ప్రయోగశాలకు పంపి దాని బలము పరీక్షించుచున్నారు. దాని వయస్సును అడుగువాడు లేడు, అంతే కొఱత. పైగా కుళ్లు పదార్థమును, సేంద్రియమైన బంకమన్నును కట్టలో వాడరాదని మీ రహదారుల నిబంధనలే చెప్పుచున్నవి. బూడిదయు పెంటయు ఎముకలును కలిసిన పాటిమన్నుతో పోసిన కట్ట నాలుగు వానలకు క్రుంగినయెడల ఆశ్చర్యపడవలసినది లేదు. చరిత్రమీద మక్కువ లేని ఇంజినీరునకైనను ఈ వాదము రుచించునని నా ఆశ.

మూడవది, త్రవ్వుచుండగా ఏదైన బయటపడినప్పుడు పని ఆపినవానికి నష్టము రాకూడదు. నేడు కంట్రాక్టరు ఏమి చేయును? విగ్రహము కనబడగానే పని ఆగును, గడువు మీఱును, జరిమానా పడును. కావున దానిని రాత్రికి రాత్రి మన్నులో కలిపివేయుటయే వానికి లాభము. ఆగిన దినములను గడువులో కలిపి, యంత్రముల బాడుగను ప్రభుత్వమే భరించునను ఒక్క వాక్యము ఒప్పందములో చేర్చినచో, దాచుటకు కారణము పోవును. భయపెట్టుటచేత గాక, దాచుట వలన లాభము లేకుండ చేయుటచేతనే ఈ పని సాధ్యము. ఐరోపాలో ఇది క్రొత్త మాట కాదు. 1992లో వాలెట్టా నగరమున ఆ దేశములు చేసికొన్న ఒడంబడిక ప్రకారము, నేలను కదలించు పని చేయించువాడే ఆ నేలలోని పురాతన శోధనకును డబ్బు పెట్టవలెను. ఫ్రాన్సు 2001లో దానికొక చట్టమే చేసికొన్నది. గ్రీకుల థెస్సలోనికి పట్టణమున మెట్రో త్రవ్వకములో బైజాంటియము నాటి వీథి బయటపడగా, ఏండ్లు వాదులాడుకొని, ఆలస్యమునకు అందఱును విసిగి, చిట్టచివరకు 2024లో ఆ వీథిని స్టేషనులోనే మరల అమర్చి రైలు నడపినారు. ఆలస్యము గూర్చి మీరు భయపడుదురని ఎఱుగుదును గనుకనే ముందుగా చూడుడని ప్రార్థించుచున్నాను. ఆ పట్టణపువారి ఆలస్యములో చాల భాగము త్రవ్వకము మొదలైన పిమ్మటనే కదా పుట్టినది! భూసేకరణకే మనకు ఏండ్లు పట్టుచున్న దేశమున, ఆ యేండ్లలోనే ఒక మనుష్యుడు దారి వెంట నడచి వచ్చుటకు ప్రత్యేకముగా గడువు అక్కఱలేదు.

అన్ని దిబ్బలను కాపాడవలెనని నేననను. త్రవ్వి, కొలిచి, ఫొటోలు తీసి, దొరకినవానిని జిల్లా మ్యూజియమునకు పంపి, ఆపైన రోడ్డు వేసికొనదగినవియే వానిలో పెక్కు. కొన్నింటికి రోడ్డు కొంచెము వంగవలెను. ఏది యెట్టిదో తేల్చుటకు ముందు చూచినవాడొకడు ఉండవలెను. అంతకు మించి నేను అడుగుటలేదు.

నేను చూచిన దిబ్బలో తూర్పువైపు సగము ఇంకను మిగిలియున్నది. వానలు పడి మట్టి తడిసినందున టిప్పర్లు ప్రస్తుతము రావడములేదు. మీ కార్యాలయమునుండి ఎవరైన వచ్చినయెడల నేనే వెంటబెట్టుకొనిపోయి ఆ స్థలమును చూపుదును. కార్తికమాసమున పనులు మరల మొదలగునని కంట్రాక్టరు మనుష్యులు ఊరిలో చెప్పి పోయినారు.

ఇట్లు,
విధేయుడు,
ఒక బడిపంతులు